రిటైరైన వాళ్ళ వైద్యం ఖర్చు కంపెనీ లెక్కల్లో యాడుంటుంది? నాయనకు వచ్చిన ఉత్తరం

కపిలతీర్థం
ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా నాయన ఒక పెద్ద కంపెనీలో 31 ఏళ్ళు పని చేసి, రిటైరై తిరుపతికి వచ్చేసినాడు. తిరుచానూరు రోడ్డులో ఉంటాం. ఆయనకూ అమ్మకూ కంపెనీ వాళ్ళ మెడికల్ కార్డు ఉంది. నాయనకు షుగరు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పోయినేడు వేలూరులో అమ్మ ఆపరేషన్ కూడా ఆ కార్డు మీదే జరిగింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను.

పోయిన వారం ఉత్తరం వచ్చింది. "వైద్య పథకం కింద యాక్చువేరియల్ బాధ్యత బాగా పెరిగినందున" ఇక మీదట నెలనెలా కొనే మందులకు ఏడాదికి ఒక పరిమితి పెడతారంట. నాయన దాన్ని నాలుగు సార్లు చదివి, "నేను వాడిన మందులెంత, వాళ్ళ బాధ్యత అంత పెరగడమేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని, కంపెనీ అకౌంట్లు తెలీవు.

వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి, లెక్కల కింద ఈ వైద్య పథకం గురించి వివరంగా రాసిన నోట్ వెతికి పట్టుకున్నా. రిటైరైన వాళ్ళ వైద్యానికి ఆ ఏడాది నిజంగా కట్టిన డబ్బు ఒక అంకె. బాధ్యత పెరిగిందని చూపించింది దానికి దాదాపు మూడింతలు. అంత పెరిగినా లాభం మాత్రం తగ్గినట్టు లేదు. ఇది ఎట్లా కుదురుతుంది? ఆ డబ్బు నిజంగా యాడన్నా పెట్టి ఉండారా, ఉత్త కాగితం మీదేనా? తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెప్పండి.


చంద్రగిరి_కోట
ఆదివారం రాత్రి 9:35

అమ్మా, నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. ఆడిటర్లు వచ్చి వివరంగా చెప్పేలోపల ఒక్క ముక్క చెప్తాను, తక్కినదంతా దీని మీదే నిలబడుతుంది.

కంపెనీ ఉద్యోగికి రెండు రకాల మాటలిస్తుంది. ఒకటి: "నెలనెలా నీ పేరున ఇంత కడతాను, అది పెరిగినా తరిగినా నీదే." ఎన్‌పీఎస్, అంటే జాతీయ పెన్షను పథకం, ఇట్లాంటిది. దీన్ని డిఫైన్డ్ కంట్రిబ్యూషన్ అంటారు. ఆ నెల కట్టేస్తే కంపెనీ పని అయిపోయినట్టే, కట్టిందే ఖర్చు. రెండోది: "నువ్వు రిటైరైనాక ఇంత ఇస్తాను, బతికినన్నాళ్ళు ఇస్తాను." ఇది డిఫైన్డ్ బెనిఫిట్. మా పాత బ్యాంకు పెన్షను, గ్రాట్యుటీ, మీ నాయన మెడికల్ కార్డు దీంట్లోకి వస్తాయి. ఇక్కడ ధరలు పెరిగినా, మనిషి పదేళ్ళు ఎక్కువ బతికినా ఆ భారం కంపెనీదే. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో చేరిన వాళ్ళను ఎన్‌పీఎస్‌లోకి మార్చినారు, ఈ రెండో రకం మాట మోయడం ఎంత కష్టమో అప్పటికి అందరికీ తెలిసొచ్చింది.

మీ నాయన చూస్తున్నది ఒక ఏడాది బిల్లు. కంపెనీ రాసింది ఆయనకూ మీ అమ్మకూ ఇక మీదట రాబోయే బిల్లులన్నీ. ఆయనొక్కరికే కాదు, అట్లాంటి వేలమందికి.


తోతాపురి
ఆదివారం రాత్రి 10:05

అక్కా, మీ మాట మధ్యలో వస్తా ఉండా, ఏమీ అనుకోవద్దు. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తా. మాది చిన్న ప్రైవేటు లిమిటెడ్. పర్మనెంటు వాళ్ళు 38 మంది, సీజన్‌లో ఇంకా చాలామంది వస్తారు. ఇన్నేళ్ళు గ్రాట్యుటీ ఎవరన్నా మానేసినప్పుడు కట్టి, ఆ నెల ఖర్చు రాసేవాళ్ళం. ఈసారి కొత్త ఆడిటరు ఒప్పుకోలేదు, ప్రొవిజన్ రాయాలన్నాడు, అంటే ఇవ్వకముందే ఖర్చుగా, అప్పుగా చూపించాలంట. ఓనరేమో "ఇంకా ఎవురూ మానేయలేదు కదా, ఇవ్వని డబ్బు ఖర్చెట్లా అవుతుంది?" అంటా ఉండాడు. ఇద్దరి మధ్యలో నేను. ఏం చెప్పాల ఆయనకు?


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
ఆదివారం రాత్రి 11:20

ఇద్దరి ప్రశ్నా ఒకటే, అందుకే కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మీ ఓనరుగారికి ఇట్లా చెప్పండి. గుజ్జు తీసే మనిషి ఈ ఏడాది మీ దగ్గర పని చేశాడు. ఆ పని వల్ల వచ్చిన అమ్మకం ఈ ఏడాది లెక్కలో ఉంది. ఆ పనికి ఇవ్వాల్సిన కూలిలో ఒక భాగాన్ని చట్టం "మానేసే రోజు ఇవ్వు" అని వాయిదా వేసింది, అంతే. కూలి ఎప్పుడు చేతికిచ్చినా, ఖర్చు మాత్రం పని చేసిన ఏడాదిదే. పెన్షను, గ్రాట్యుటీ, రిటైరైనాక వైద్యం, అన్నిటికీ మూలం ఈ ఒక్క మాటే.

ఇక ఎంత రాయాలి అన్నది. 40 ఏళ్ళ ఉద్యోగి ఒకరిని తీసుకుందాం. పదేళ్ళ సర్వీసు, నెలకు బేసిక్, డీఏ కలిపి 26,000. గ్రాట్యుటీ సూత్రం అందరికీ తెలిసిందే: చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసుతో గుణించాలి. ఏడాదికి 15,000, పదేళ్ళకు 1,50,000. ఈ రోజు మానేస్తే ఇవ్వాల్సింది ఇది.

కానీ అతను ఈ రోజు మానేయడు. 60 ఏళ్ళకు రిటైరవుతాడు అనుకుంటే, అప్పటి జీతం మీద ఇవ్వాలి. జీతం ఏటా 7 శాతం పెరిగితే ఇరవై ఏళ్ళకు 26,000 కాస్తా సుమారు 1,00,600 అవుతుంది. అప్పుడు ఏడాది సర్వీసుకు 58,000 పైన. ఇప్పటిదాకా చేసిన పదేళ్ళకు దాదాపు 5,80,450. ఇది ఇరవై ఏళ్ళ తర్వాత ఇచ్చే డబ్బు కాబట్టి, ఈ రోజు విలువకు వెనక్కి లాగాలి. ఆ లాగే రేటునే డిస్కౌంట్ రేటు అంటారు. చేసిన సర్వీసుకు మాత్రమే, రాబోయే జీతం మీద లెక్కేసి, ఈ రోజు విలువకు తేవడం: ఇదే ప్రాజెక్టెడ్ యూనిట్ క్రెడిట్ పద్ధతి. దీనికి రెండు అకౌంటింగ్ ప్రమాణాలున్నాయి. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 19 అయినా, తక్కిన కంపెనీలకు వర్తించే ఏఎస్ 15 అయినా ఈ పద్ధతే అడుగుతాయి.

డిస్కౌంట్ రేటు కంపెనీ ఇష్టం కాదు. మన దేశంలో ప్రభుత్వ బాండ్ల మీద వచ్చే రాబడినే తీసుకోవాలి. ఉద్యోగులు సగటున ఎంత కాలానికి డబ్బు తీసుకుంటారో, దాదాపు అంతే కాలం మిగిలిన బాండ్లను చూడాలి. జీతం పెరుగుదల, మధ్యలో మానేసేవాళ్ళ శాతం, మరణాల పట్టిక, ఇవి మిగతా ఊహలు. వీటిని పెట్టి లెక్కకట్టే మనిషే యాక్చువరీ.

తోతాపురి గారూ, మీకొక వెసులుబాటు ఉంది. ఏఎస్ 15లో చిన్న, మధ్యతరహా కంపెనీకి సగటున 50 మంది కంటే తక్కువ ఉద్యోగులుంటే యాక్చువరీ దాకా పోనక్కర్లేదు. మార్చి 31న అందరూ మానేస్తే ఎంత ఇవ్వాలో లెక్కేసి రాసినా సరిపోతుంది. 38 మందికి ఒక పూట పని. సీజను వాళ్ళను ఆ సగటులో ఎట్లా కలుపుతారో మాత్రం మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి. వాళ్ళకు గ్రాట్యుటీ లేదని మాత్రం అనుకోవద్దు. ఏడాది పొడుగునా పని లేని సీజనల్ సంస్థల్లో ఒక్కో సీజనుకు 7 రోజుల కూలి చొప్పున ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మన జిల్లాలో చాలా యూనిట్లు ఈ వాక్యాన్ని చదవనే లేదు. ప్రతి జూన్‌లో అదే ఆడవాళ్ళు అదే ఫ్యాక్టరీకి వస్తున్నారు, పదేళ్ళు దాటినా వాళ్ళ పేర్లు ఒక్క లెక్కలోనూ కనపడవు. నాకు బాధ కలిగించే విషయం ఇది, అందుకే ఇక్కడ గట్టిగా రాస్తున్నాను.


కపిలతీర్థం
సోమవారం ఉదయం 6:40

సార్, రాత్రే కాగితం మీద వేసి చూసినా. మీ ఉదాహరణలో జీతం పెరిగేదీ 7, వెనక్కి లాగేదీ 7 అయితే, మళ్ళీ సరిగ్గా 1,50,000కే వస్తా ఉంది. అది బాగా అర్థమైంది. తర్వాత డిస్కౌంట్ రేటును 6.5 చేసి చూసినా. సుమారు 1,64,700 వచ్చింది. మనిషి అదే, జీతం అదే, ఇచ్చిన మాట అదే. ఉత్త అర శాతానికి బాధ్యత పదో వంతు దాకా పెరిగింది. ఎనిమిదో తరగతి చక్రవడ్డీనే కదా ఇది, నేను ఏటా చెప్పే పాఠమే. నాయన కంపెనీ బాధ్యత పెరిగిందంటే ఎవురో ఎక్కువ మందులు వాడినందుకు కాకపోవచ్చు అన్నమాట?


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
సోమవారం ఉదయం 7:15

అదేనమ్మా. మీరు ఆ నోట్‌లో "ఆర్థిక ఊహల్లో మార్పు వల్ల", "జనాభా ఊహల్లో మార్పు వల్ల", "అనుభవం వల్ల" అని మూడు వరసలుంటాయి చూడండి. మొదటిది బాండ్ల రేటు, ధరల పెరుగుదల లాంటివి. రెండోది ఆయుర్దాయం, మానేసేవాళ్ళ శాతం. మూడోదే, పోయినేడు ఊహించినదానికీ నిజంగా జరిగినదానికీ తేడా. మీ నాయన లాంటివాళ్ళు నిజంగా ఎక్కువ వాడి ఉంటే అది మూడో వరసలోనే ఎక్కువగా కనపడాలి. ఆ మూడు అంకెలు ఎంతెంతో చూసి ఇక్కడ చెప్పండి.


పుత్తూరు_కట్టు
సోమవారం ఉదయం 9:30

నాకు ఈ డిస్కౌంటింగ్ మీదే అనుమానం. రేపు ఇచ్చే లక్షను ఈ రోజు ముప్పై వేలని రాయడం అప్పును చిన్నదిగా చూపించడం కాదా? రిటైరయ్యేవాడికి ఆ రోజు లక్షే ఇవ్వాలి కదా.


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
సోమవారం మధ్యాహ్నం 1:50

ఆ ముప్పై వేలు ఈ రోజే పక్కన పెట్టి బాండ్లలో వేస్తే అది లక్ష అవుతుంది, లెక్క వెనకున్న ఊహ ఇదే. పక్కన పెట్టకపోతే ప్రతి ఏడాదీ బాధ్యత మీద వడ్డీ ఖర్చు రాస్తూ పోతారు, చివరికి పుస్తకాల్లో అది లక్షకే చేరుతుంది. కాబట్టి లెక్క తప్పు కాదు. పక్కన పెట్టారా లేదా అన్నదే అసలు ప్రశ్న. దాని గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు క్లయింటు దగ్గరున్నాను.


పెనుమూరు_రోడ్డు
సోమవారం సాయంత్రం 6:10

పక్కన పెట్టడం గురించి నేను చెప్తా. మా నాయన పని చేసిన ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. పేరు వద్దులే. ఆఖరి ఏడాది బ్యాలెన్స్ షీట్ కాపీ యూనియన్ వాళ్ళ దగ్గర ఉండాది. దాంట్లో "గ్రాట్యుటీ ప్రొవిజన్" అని అంకె రాసి ఉండాది, కోటికి పైనే. నాయన ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. "రాసి ఉంది కదా సార్, అది మా డబ్బే కదా" అని అడిగేవాడు. ఎవురూ జవాబు చెప్పలేదు. అది రాసుకున్న అంకె మాత్రమే, ఆ పేరుతో బ్యాంకులో ఒక్క రూపాయి లేదు అని మాకు తెలిసేసరికి ఆయనకు నడిచే ఓపిక పోయింది. చాలా ఏళ్ళ తర్వాత కొంత వచ్చింది, అమ్మ చేతికి.

ఈ తేడా ఆయనకు ముందే ఎవురన్నా చెప్పి ఉంటే, ఫ్యాక్టరీ నడిచే రోజుల్లోనే యూనియన్ అడిగి ఉండేది. అందుకే అక్కా, మీరు అడిగిన రెండో ప్రశ్న, డబ్బు యాడన్నా ఉందా అనేది, దాన్ని వదలొద్దు.


చంద్రగిరి_కోట
సోమవారం రాత్రి 8:20

నాయనా, చదివి మనసు భారమైంది. ఇట్లాంటిదే అమెరికాలో ఒక దేశాన్ని కదిలించింది. స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీ 1963 డిసెంబరులో సౌత్ బెండ్ ఊళ్ళో ఫ్యాక్టరీ మూసేసింది. పెన్షను ఫండు ఉంది, కానీ ఇచ్చిన మాటకు సరిపడా డబ్బు దాంట్లో లేదు. 60 దాటిన వాళ్ళకు పూర్తిగా ఇచ్చారు. పెన్షను హక్కు వచ్చినా 60 నిండని సుమారు నాలుగు వేలమందికి డాలరుకు 15 సెంట్లే దక్కినాయి. వాళ్ళకంటే చిన్నవాళ్ళకు ఏమీ రాలేదు. ఆ బాధ నుంచే 1974లో ఎరిసా అనే చట్టం పుట్టింది, పెన్షనుకు డబ్బు పక్కన పెట్టి తీరాలని చెప్పింది.

మన దగ్గర గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. బీమా తప్పనిసరి చేసే సెక్షన్ తర్వాత చేర్చారు, దాన్ని అమల్లోకి తెచ్చే పని రాష్ట్రాలకు వదిలారు. మన ఆంధ్రప్రదేశ్ 2011లోనే కంపల్సరీ గ్రాట్యుటీ ఇన్సూరెన్స్ రూల్స్ తెచ్చింది. రూల్స్ ఉన్నాయని తెలిసిన యజమానులు ఎందరు, అడిగిన కార్మికులు ఎందరు అన్నది వేరే మాట.


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
సోమవారం రాత్రి 10:40

పెనుమూరు గారూ, మీ నాయన గారి ప్రశ్న చాలా సూటి ప్రశ్న. దానికి జవాబు బ్యాలెన్స్ షీట్‌లోనే దొరుకుతుంది, కానీ చదవడం ఎవరో ఒకరు నేర్పాలి.

ప్రొవిజన్ అంటే అప్పు ఒప్పుకోవడం. ఫండు అంటే అప్పు తీర్చడానికి డబ్బు విడిగా పెట్టడం. నోట్‌లో "ప్లాన్ అసెట్స్" అనే వరస కోసం చూడండి. ప్లాన్ అసెట్స్ అనిపించుకోవాలంటే ఆ డబ్బు కంపెనీ నుంచి విడిగా ఉన్న ట్రస్టులోనో, అర్హత ఉన్న బీమా పాలసీలోనో ఉండాలి. కంపెనీ దివాలా తీసినా దాని అప్పులవాళ్ళు ఆ డబ్బును ముట్టుకోవడానికి వీల్లేకుండా ఉండాలి. ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ పాలసీలు చాలా కంపెనీలు తీసుకునేది ఇందుకే. బాధ్యత 100, ప్లాన్ అసెట్స్ 85 ఉంటే బ్యాలెన్స్ షీట్ మీద 15 మాత్రమే కనపడుతుంది. ప్లాన్ అసెట్స్ సున్నా అయితే ఆ పథకాన్ని "అన్‌ఫండెడ్" అని నోట్‌లో రాస్తారు. దివాలా చట్టం 36వ సెక్షన్ కూడా పీఎఫ్, పెన్షను, గ్రాట్యుటీ ఫండ్ల నుంచి కార్మికులకు రావాల్సినదాన్ని లిక్విడేషన్ ఆస్తుల్లో, అంటే అప్పులు తీర్చడానికి అమ్మే కంపెనీ ఆస్తుల్లో, కలపొద్దంటుంది. ఆ ఫండంటూ ఒకటి ఉంటే ఆ రక్షణ బలంగా నిలుస్తుంది. లేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి.

పన్ను చట్టం కూడా ఇటువైపే నెట్టింది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఉత్త గ్రాట్యుటీ ప్రొవిజన్‌కు పన్ను మినహాయింపు లేదు. ఆమోదం పొందిన ఫండుకు కడితేనో, ఉద్యోగికి ఇవ్వాల్సి వస్తేనో ఉంది. తోతాపురి గారూ, మీ ఓనరుకు అన్నిటికంటే ఈ మాట త్వరగా ఎక్కుతుంది.


తోతాపురి
సోమవారం రాత్రి 11:05

ఎక్కింది సార్! పన్ను మాట చెప్పగానే ఎల్‌ఐసీ ఆఫీసు నంబరు అడిగినాడు. సీజను వాళ్ళ మాట కూడా ఎత్తినా. "రిజిస్టర్లు తీయి, చూద్దాం" అన్నాడు.


శ్రీసిటీ_షిఫ్టు
మంగళవారం ఉదయం 5:50

నైట్ షిఫ్టు దిగి చదువుతున్నాను. మా కంపెనీలో నేను హెచ్‌ఆర్. గ్రాట్యుటీ మీద ఒక కొత్త విషయం ఇక్కడ ఎవరూ అనలేదు. 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది. ఫిక్స్‌డ్ టర్మ్ మీద చేరిన వాళ్ళకు ఐదేళ్ళు ఆగనక్కర్లేదు, ఏడాది చేస్తే గ్రాట్యుటీ. ఇంకొకటి, బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే పద్ధతికి అడ్డు పడింది. మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలోకే వస్తుంది. గ్రాట్యుటీ లెక్కకట్టే జీతం చాలామందికి పెరిగింది.

మా ఆడిటర్లు ఆ మూడు నెలల లెక్కల్లోనే మొత్తం పెరుగుదల రాయమన్నారు. పాత సర్వీసుకు కూడా కొత్త జీతం మీద లెక్క కదా. దాన్ని పాస్ట్ సర్వీస్ కాస్ట్ అంటారంట.


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
మంగళవారం ఉదయం 8:05

మంచి విషయం గుర్తు చేశారు మేడమ్. పథకమే మారితే, అంటే మాటే మారితే, చేసేసిన సర్వీసు మీద వచ్చే తేడా పాస్ట్ సర్వీస్ కాస్ట్. ఇండ్ ఏఎస్ 19 పాటించే కంపెనీ దాన్ని వెంటనే లాభనష్టాల ఖాతాలో రాయాలి. ఏఎస్ 15 పాటించే కంపెనీ మాత్రం, హక్కు ఇంకా పుట్టని భాగాన్ని ఆ హక్కు పుట్టేదాకా ఏళ్ళ మీద పంచి రాసుకోవచ్చు.

ఇక్కడే కపిలతీర్థం గారి మొదటి ప్రశ్న ఉంది, నేను ఇంకా దానికి జవాబు చెప్పలేదు. బాధ్యత అంత పెరిగినా లాభం ఎందుకు తగ్గలేదు? ఇండ్ ఏఎస్‌లో బాధ్యతలో వచ్చే మార్పును మూడుగా విడదీస్తారు. ఈ ఏడాది చేసిన పనికి సర్వీస్ కాస్ట్, నికర బాధ్యత మీద వడ్డీ, ఈ రెండూ లాభనష్టాల్లోకి పోతాయి. బాండ్ల రేటు మారడం, ఊహలు తప్పడం వల్ల వచ్చే తేడా మాత్రం లాభం కింద వేరే వరసలో పడుతుంది. అదర్ కాంప్రిహెన్సివ్ ఇన్‌కమ్, మా భాషలో ఓసీఐ. అక్కడి నుంచి రిజర్వుల్లోకి పోతుంది, మళ్ళీ ఎప్పుడూ లాభంలోకి తిరిగి రాదు. ఏఎస్ 15లో ఇది కూడా నేరుగా లాభనష్టాల్లోకే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మీ నాయన గారి కంపెనీ మందులకు పరిమితి పెడుతోంది. అంటే మాట మారుస్తోంది. దానివల్ల పాత సర్వీసు మీద బాధ్యత తగ్గుతుంది. ఆ తగ్గుదల నెగెటివ్ పాస్ట్ సర్వీస్ కాస్ట్, అది పోయేది లాభనష్టాల్లోకి. పెరిగినప్పుడు లాభాన్ని తాకకుండా పక్క దారిలో పోయింది, కోసినప్పుడు లాభంగా కనపడుతుంది. అది నిబంధనే, ఎవరూ మోసం చేసినట్టు కాదు. కానీ రిటైరైనవాళ్ళు వచ్చే ఏడాది నివేదికలో ఆ వరస వెతికి చూడాలి. తమ దగ్గర ఎంత కోశారో అక్కడ అంకెతో సహా ఉంటుంది.


కపిలతీర్థం
మంగళవారం సాయంత్రం 5:30

సార్, మీరు చెప్పినట్టే మూడు వరసలు చూసినా. పెరిగిన దాంట్లో చాలా పెద్ద భాగం ఆర్థిక ఊహల వరసలో ఉంది. అనుభవం వరసలో చాలా కొంచెం. నాయనకు చూపించినా. "అయితే మేము ఎక్కువ వాడినందుకు కాదు" అని ఒక్క మాటన్నాడు. వారం రోజులుగా మందుల చీటీలు ముందేసుకుని, ఏది మానేద్దామా అని చూస్తా ఉండినాడు. ఆ చీటీలు ఈ రోజు మళ్ళీ డబ్బాలో పెట్టినాడు.

నోట్‌లో ఇంకొక మాట ఉంది, "మెడికల్ కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ 1 శాతం పెరిగితే బాధ్యత ఇంత పెరుగుతుంది" అని. గ్రాట్యుటీకి ఇట్లాంటిది లేదు. ఇది కూడా చెప్తారా?


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
మంగళవారం రాత్రి 9:10

దాన్ని సెన్సిటివిటీ అంటారు. గ్రాట్యుటీకీ ఉంటుంది, అక్కడ జీతం పెరుగుదల మీద చూపిస్తారు. వైద్యంలో జీతంతో పని లేదు కాబట్టి ఆసుపత్రి ఖర్చుల పెరుగుదల మీద చూపిస్తారు. గ్రాట్యుటీ ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే మొత్తం, పైగా చట్టం ప్రకారం 20 లక్షల పరిమితి ఉంది. వైద్యానికి అట్లా పైకప్పు లేదు. మనిషి వయసు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, కొత్త వైద్యం వచ్చేకొద్దీ పెరుగుతుంది, భర్త పోయినా భార్యకు కొనసాగుతుంది. మన చిత్తూరు, తిరుపతి వాళ్ళం పెద్ద జబ్బంటే వేలూరో చెన్నయ్యో పోతాం, ఆ రేట్లు వేరు. ఇవన్నీ ముప్పై ఏళ్ళ ముందుకు ఊహించాలి.

అమెరికాలో చాలాకాలం ఈ ఖర్చును బిల్లు వచ్చినప్పుడే రాసేవాళ్ళు. 1990లో వాళ్ళ లెక్కల సంస్థ ఎఫ్‌ఏఎస్‌బీ 106వ నంబరు ప్రమాణం తెచ్చి, ఉద్యోగి పని చేసే ఏళ్ళలోనే రాయాలన్నది. జనరల్ మోటార్స్ 1992లో దాన్ని పాటించేసరికి ఒక్కసారిగా సుమారు 2,080 కోట్ల డాలర్ల ఖర్చు రాయాల్సి వచ్చింది. ఆ ఏడాది కంపెనీ నష్టం దాదాపు 2,350 కోట్ల డాలర్లు. అందులో చాలాభాగం ఇదే. కార్మికులు కొత్తగా ఒక్క మాత్ర ఎక్కువ వేసుకోలేదు. ముప్పై, నలభై ఏళ్ళుగా ఇచ్చుకుంటూ వచ్చిన మాటకు మొదటిసారి అంకె వేశారు. ఆ అంకె చూసి చాలా కంపెనీలు రిటైరీల వైద్యాన్ని తగ్గించుకుంటూ వచ్చాయి, కొన్ని ఎత్తేశాయి కూడా.

ఆ అంకె వేయడం తప్పని నేను అనను. అంకె వేయకపోతే మాట చవగ్గా కనపడుతుంది, ఎవరూ డబ్బు పక్కన పెట్టరు, చివరికి పెనుమూరు గారి నాయనకు జరిగినట్టే జరుగుతుంది.


చంద్రగిరి_కోట
మంగళవారం రాత్రి 9:50

మన ప్రభుత్వ రంగ కంపెనీల్లో 2007 జీతాల సవరణ తర్వాత పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షను, రిటైరైనాక వైద్యం, ఈ నాలుగూ కలిపి బేసిక్, డీఏల్లో 30 శాతం లోపల ఉండాలని హద్దు పెట్టారు. అది కూడా ఈ భయం నుంచే వచ్చింది.

ఆడిటర్ గారితో ఒక్క దగ్గర నాకు పేచీ ఉంది. నిబంధన అంటే వెంటనే రాయాలి అంటున్నారు. 2021లో బ్యాంకు ఉద్యోగుల ఫ్యామిలీ పెన్షను అందరికీ చివరి జీతంలో 30 శాతానికి పెంచినప్పుడు, ఆ అదనపు భారాన్ని ఐదేళ్ళలో పంచుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు వీలిచ్చింది. నాకు తెలిసిన వితంతువులు ఎంతమందికో ఆ పెంపు ఊపిరి పోసింది. ఒక్క ఏడాదిలో రాయాల్సిందే అని పట్టుపట్టి ఉంటే ఆ పెంపు ఇంకా ఆలస్యమయ్యేదేమో. కొంత పట్టువిడుపు ఉండాలి సార్.


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
మంగళవారం రాత్రి 10:25

మీ మాటకు విలువ ఇస్తాను సార్, కానీ ఒప్పుకోలేను. పెంచడం మంచిదే, పంచుకుని రాయడం మాత్రం వాటాదారుడికి ఈ రోజు నిజమైన అప్పు ఎంతో చెప్పకపోవడమే. ఎంత మిగిలిందో నోట్‌లో బయటపెట్టాలన్నారు కాబట్టి కొంత నయం. మనం ఇద్దరం ఈ విషయంలో ఎప్పటికీ కలవమేమో.


శ్రీసిటీ_షిఫ్టు
బుధవారం ఉదయం 6:05

చిన్న ప్రశ్న. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షను మా కంపెనీ బాధ్యతలో ఎందుకు కనపడదు? అది కూడా బతికినన్నాళ్ళు ఇచ్చేదే కదా.


గ్రీమ్స్‌పేట_ఆడిటర్
బుధవారం ఉదయం 7:30

ఇచ్చేది ఈపీఎఫ్‌ఓ, అంటే కేంద్ర ప్రభుత్వ పీఎఫ్ సంస్థ, మీ కంపెనీ కాదు. కంపెనీ వాటాలోంచి 8.33 శాతం, 15,000 జీతం మీద అయితే 1,250, ఈపీఎస్‌కు పోతుంది. కట్టేస్తే కంపెనీ బాధ్యత తీరిపోతుంది కాబట్టి కంపెనీకి అది కంట్రిబ్యూషన్ పథకమే. కానీ సొంత పీఎఫ్ ట్రస్టు నడుపుకునే కంపెనీల సంగతి వేరు. ప్రభుత్వం ప్రకటించిన వడ్డీకి ట్రస్టు రాబడి సరిపోకపోతే ఆ లోటు కంపెనీ పూడ్చాలి. అది మళ్ళీ డిఫైన్డ్ బెనిఫిట్టే, యాక్చువరీ దాన్నీ లెక్కకట్టాలి.


పెనుమూరు_రోడ్డు
బుధవారం రాత్రి 8:45

కపిలతీర్థం అక్కా, మీ నాయన వాళ్ళది ఫండు ఉన్న పథకమా, లేనిదా? అది చెప్పలేదు మీరు.


కపిలతీర్థం
గురువారం రాత్రి 9:15

చూసినా తమ్ముడూ. పాత నివేదికలు కూడా తీసినా. నాలుగేళ్ళ ముందు దాకా "అన్‌ఫండెడ్" అనే ఉండింది. తర్వాత ట్రస్టు పెట్టినారు. ఇప్పుడు బాధ్యతలో అరవై శాతం పైన ప్లాన్ అసెట్స్ ఉండాయి, ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలోనే. సగం ఊరట.

నాయన, ఆయన స్నేహితులు పదిమంది కలిసి ఈ రోజు ఉత్తరం రాసినారు. నేనే టైపు చేసినా. మూడు విషయాలు అడిగినారు: పరిమితి పెట్టడం వల్ల తగ్గే బాధ్యత ఎంత, మిగతా నలభై శాతం ట్రస్టులో ఎప్పటికి వేస్తారు, ట్రస్టు ఆడిట్ రిపోర్టు రిటైరైనవాళ్ళకు ఇస్తారా. "మా మందులు ఎందుకు తగ్గిస్తారు" అని రాద్దామని మొదలుపెట్టిన ఉత్తరం ఇది. నాయనే కొట్టేయించి ఈ మూడూ రాయించినాడు. జవాబు వస్తే ఇక్కడే పెడతా.


తోతాపురి
శుక్రవారం మధ్యాహ్నం 2:20

మావైపు సంగతి. రిజిస్టర్లు తీసినాం. పర్మనెంటు వాళ్ళలో తొమ్మిది మందికి చేరిన తేదీ తప్పుగా ఉండాది, కంప్యూటర్ మార్చినప్పుడు అందరికీ ఒకే తేదీ పడిపోయింది. పాత మస్టర్ రోళ్ళు అటక మీద నుంచి దించి సరి చేస్తా ఉండాం. ఒకాయనకు ఉత్త ఆ తేదీ వల్లనే ఆరేళ్ళ సర్వీసు పోయి ఉండింది.

సీజను వాళ్ళది ఇంకా కష్టం. మేస్త్రీ పేరు మీదే కూలి రాసినారు, ఆడవాళ్ళ పేర్లు లేవు. పాత మేస్త్రీ ఒకామె బంగారుపాళెంలో ఉంది, ఆమెకు ఏ సీజనుకు ఎవురెవురు వచ్చినారో నోటికి గుర్తంట. ఆదివారం నోటుబుక్ తీసుకుని పోతా ఉండా.